తమ్ముడికి వైకల్య శాతం తక్కువ వేశారు, డాక్టరు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది బస్సు రాని మారుమూల ఊరు. రెండేళ్ల కిందట ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మా తమ్ముడు నడవలేకపోతున్నాడు. సదరం శిబిరంలో సరిగా చూడకుండానే 60 శాతం రాశారు. మోటారు మూడు చక్రాల బండికి అది చాలదన్నారు. మెట్ల మీదుగా ఆఫీసుకు మోసుకెళ్తే అవమానించారు. ఆపరేషన్ కాగితాలు పోయాయి. డబ్బిస్తే ఎక్కువ శాతంతో సర్టిఫికెట్ తెస్తానని ఒకాయన అంటున్నాడు. డాక్టరు మీద కేసు వేయాలా?

జవాబు: డాక్టరు సంగతి పక్కన పెట్టండి. ఇక్కడ అన్నీ తేల్చేది సర్టిఫికెట్ మీది తేదీ. అదొక్కటే మీరు రాయలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 59వ సెక్షన్ ప్రకారం, ఆ నిర్ణయం మీద మీ రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలు పెట్టిన గడువులోగా అప్పీలు చేయాలి. బండి ఇవ్వబోమన్న రోజు నుంచి లెక్కపెట్టి చాలామంది గడువు పోగొట్టుకుంటారు. అప్పీలు అందాక దాన్ని ఆ నిబంధనల ప్రకారమే తేల్చాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం రాసి అడగండి, మన్నిస్తారన్న భరోసా లేదు. పరిస్థితి ముదిరి ఉంటే తాజా పరీక్షలతో మళ్లీ నిర్ధారణకు దరఖాస్తు చేయండి.

ఊరివాళ్ల సంతకాలు శాతాన్ని మార్చవు. ఎంఆర్ఐ, డిశ్చార్జి సమ్మరీ, కాళ్లలో బలం, స్పర్శ, మూత్రంపై అదుపు ఎంత మిగిలాయో నిపుణుడు రాసిన నివేదిక కావాలి. ఆపరేషన్ కాగితాలు పారేసుకోవడం పెద్ద నిర్లక్ష్యం. వైద్యుల నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రెండేళ్లు గడిచిపోయాయి. రేపే ఆసుపత్రిలో రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.

ఆ దళారి గడప తొక్కొద్దు. మోసంతో దివ్యాంగుల ప్రయోజనం పొందితే అదే దివ్యాంగుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. పేరు మీ తమ్ముడిది కాబట్టి ముద్దాయీ అతనే అవుతాడు. నిజంగా ఉన్న వైకల్యాన్ని కూడా అప్పుడెవరూ నమ్మరు.

మెట్ల విషయం అప్పీలులో కలపకండి, అది వేరే ఫిర్యాదు. ప్రభుత్వ భవనాల్లో రాకపోకల వసతికి 45వ సెక్షన్ ఇచ్చిన అయిదేళ్లూ 2022లోనే ముగిశాయి. నడవలేని మనిషిని మెట్లెక్కి రమ్మనే హక్కు ఎవరికీ లేదు. ముందు ఆ ఆఫీసు అధిపతికి రాయండి. ఫలితం లేకపోతే జిల్లా కమిటీకి, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు వెళ్లండి. బండి ఇవ్వబోమన్న మాట కూడా రాతలోనే తీసుకోండి.