రోజూ నడిస్తే రాయడానికి ఆలోచనలు వస్తాయా? నాకు చెరువు కట్ట మీద వచ్చాయి

"కథ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను, నెల రోజులైంది. రోజూ నడిస్తే కొత్త ఆలోచనలు వస్తాయంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. నా మటుకు నిజం. ఆరేళ్లుగా కథలు రాస్తున్నాను. వాటిలో నాకు బాగా నచ్చినవన్నీ హనుమకొండలో భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే తట్టినవే.

ఒకదాని సంగతి చెబుతాను. ఆజంజాహి మిల్లులో పనిచేసిన ఒక కార్మికుడి మీద కథ రాయాలనుకున్నాను. 1934లో వరంగల్‌లో మొదలైన బట్టల మిల్లు అది, 2002లో మూతపడింది. మా బంధువుల్లోనే అక్కడ పనిచేసినవాళ్లు ఉన్నారు కాబట్టి వివరాలకు కొదవ లేదు. షిఫ్టులు, జీతాలు అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. మనిషి మాత్రం దొరకలేదు. టేబుల్ ముందు కూర్చున్నప్పుడల్లా కథ కాస్తా వ్యాసమైపోయేది. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒకరోజు పొద్దున కట్ట మీద నా ముందు ఒక పెద్దాయన నడుస్తున్నారు. ఉన్నట్టుండి గడియారం లేని మణికట్టు వైపు చూసుకుని, గబగబా అడుగులు వేశారు. ఆయన ఎవరో, ఏం పని చేసేవారో నాకు తెలియదు. కానీ పది అడుగులు వేశానో లేదో, నా కథలోని మనిషి దొరికాడు. మిల్లు మూతపడి ఇన్నేళ్లయినా మొదటి షిఫ్టు టైముకే లేచి, స్నానం చేసి, వాకిట్లో నిలబడే మనిషి. కథ ఆ వాకిట్లోనే మొదలైంది.

అలాంటి పెద్దవాళ్లను అంతకుముందు ఎన్నిసార్లు చూసి ఉంటానో. ఆ రోజు కథను మనసులో పెట్టుకుని నడుస్తున్నాను కాబట్టి ఆయన చూపు నాకు అందింది. అందుకే ఊరికే నడవమని చెప్పను. ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క ముడిని వెంట తీసుకెళ్లండి.

కదలికకీ మాటకీ ఉన్న సంబంధాన్ని నేను మొదట చూసింది మా అమ్మలో. కూర్చోబెట్టి బతుకమ్మ పాట చెప్పమంటే రెండు మూడు చరణాలయ్యాక "యాదికొస్తలేదు బిడ్డా" అనేది. అదే అమ్మ బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగితే, ఉయ్యాలో అన్నప్పుడల్లా అడుగు పడుతూ, అరగంటైనా పాట తెగేది కాదు. మధ్యలో అక్కడున్న పిల్లల పేర్లు కలిపి కొత్త చరణాలు కూడా కట్టేది. అవి నోట్‌బుక్కులో రాసుకోవాలని నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మారిలీ ఒప్పెజో, డేనియల్ ష్వార్ట్జ్ 176 మందితో ప్రయోగాలు చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. కూర్చున్నప్పటి కంటే నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం కనిపించింది. నడక ముగించి కూర్చున్నాక కూడా దాని ప్రభావం కాసేపు నిలిచింది. ఒకే సరైన జవాబు ఉండే ప్రశ్నల్లో మాత్రం నడక సాయపడలేదు. నా అనుభవమూ అదే. నడుస్తుంటే పది దారులు కనిపిస్తాయి, వాటిలో ఏది ఉంచాలో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

నేనైతే ఐదున్నరకల్లా కట్ట మీద ఉంటాను. వేసవిలో మన దగ్గర ఎండ తెలిసిందే కదా, ఆలస్యమైతే నడవలేం. మొదటి పావుగంట కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, ఆఫీసు టెన్షన్ ఇవే తిరుగుతుంటాయి. వాటిని ఆపడానికి ప్రయత్నించకండి, వాటంతట అవే సద్దుమణుగుతాయి. రోజూ ఒకే దారిలో వెళ్తాను, ఎటు తిరగాలో ఆలోచించే పని ఉండదు. చెవిలో పాటలు పెట్టుకుంటే నాకు ఒక్క మాటా రాదు. పరుగెత్తినా అంతే, ధ్యాసంతా ఊపిరి మీదే ఉంటుంది. తట్టిన మాటను ఆగి ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను, ఇంటికొచ్చి టీ కంటే ముందు కాగితం మీద పెడతాను. ఈ ఒక్క పనీ వాయిదా వేసి చాలా పోగొట్టుకున్నాను.

వాన పడితే మానేయకండి. మా ఇంటి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పద్దెనిమిది అడుగులు. పోయిన వానాకాలం ఒక కథ ముగింపు ఆ పద్దెనిమిది అడుగుల్లోనే దొరికింది.