ఐస్ క్యూబ్ మొదటి ఆల్బమ్‌లో అంత రొదలోనూ మాట ఎలా వినబడుతోంది? తెలుగులో అలా చేయాలంటే?

మీరడిగినవి రెండు. అమెరికన్ ర్యాపర్ ఐస్ క్యూబ్ తొలి సోలో ఆల్బమ్‌లో సైరన్లు, అరుపులు, రికార్డును గీకే స్క్రాచ్‌లు ఒకదాని మీద ఒకటి పడుతున్నా మాట ఎందుకు మునిగిపోదు అన్నది ఒకటి. మీ మొదటి రాజకీయ ర్యాప్ ఆల్బమ్‌ను ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఆ పద్ధతిలో చేయగలరా అన్నది రెండోది. చేయొచ్చు. కాకపోతే రొదంతా ముందే కట్టేసి, తర్వాత అందులో మాటను ఇరికిద్దామంటే కుదరదు. చాలామంది మొదటి ఆల్బమ్‌లు చెడేది అక్కడే.

ముందు ఆ ఆల్బమ్ సంగతి. డబ్బు లెక్కల దగ్గర తేడా వచ్చి 1989 చివర్లో ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ బృందం నుంచి బయటికొచ్చిన క్యూబ్, లాస్ ఏంజెలెస్ వదిలి న్యూయార్క్ వెళ్లాడు. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందానికి బీట్లు కట్టే బాంబ్ స్క్వాడ్ నిర్మాతలతో కూర్చున్నాడు. 1990 మే నెలలో 'అమెరికాస్ మోస్ట్ వాంటెడ్' వచ్చింది. ఆ పేరు స్పెల్లింగ్‌లో 'సి' తీసేసి మూడు 'కె'లు పెట్టారు, నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్ గుర్తుకు రావాలని.

అప్పటి హిప్ హాప్ స్టూడియోల్లో చాలామంది చేతిలో ఉన్న శాంప్లర్ (రికార్డుల ముక్కలను, అంటే శాంపిల్స్‌ను, ఎక్కించుకుని వాయించే యంత్రం) ఎస్‌పీ-1200. శబ్ద నాణ్యత తక్కువే, 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్, మొత్తం మెమరీ పది సెకన్లు, ఒక్కో శాంపిల్‌కు మహా అయితే రెండున్నర సెకన్లు. లెక్క వేసి చూడండి. 96 బీపీఎంలో (నిమిషానికి 96 బీట్లు) ఒక బార్, అంటే నాలుగు బీట్లు, సరిగ్గా 2.5 సెకన్లు. అంతకన్నా నెమ్మది పాటైతే ఒక్క బార్ కూడా పట్టదు. అందుకే నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 మీద తిప్పి ఎక్కించి, మెషీన్‌లో పిచ్ దించేవాళ్లు. అలా చేస్తే 2.5 సెకన్లలో దాదాపు 3.4 సెకన్ల సరుకు పడుతుంది. పిచ్ దించినప్పుడు వచ్చే గరుకుదనం ఉచితం. మీ ల్యాప్‌టాప్‌లో కావాలంటే శాంపిల్‌ను 5 సెమీటోన్లు పెంచి, 26 కిలోహెర్ట్జ్, 12 బిట్లకు దించి సేవ్ చేసి, మళ్లీ 5 సెమీటోన్లు తగ్గించండి. పిచ్ మారినా నిడివి మారకుండా చూసే టైమ్‌స్ట్రెచ్ ఆపేసి ఉండాలి, లేదంటే గరుకు రాదు, నీళ్లలో మునిగిన శబ్దం వస్తుంది.

మెమరీ చాలకపోవడం వల్లే ఆ కాలపు బీట్లలో అన్నీ ముక్కలు. మాట వినబడటానికి అసలు కారణం కూడా అదే. శ్రద్ధగా వింటే ఒక వెర్స్‌లో (చరణంలో) ఆపకుండా మోగేవి డ్రమ్స్, బేస్, మహా అయితే మళ్లీ మళ్లీ తిరిగే మరో లూప్. మిగతావి లైను ముగిసిన ఖాళీలో వచ్చి పోతాయి. మీరూ అదే వరస పాటించండి: డ్రమ్స్, బేస్, దారి చూపడానికి ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు (గైడ్ వోకల్). ఈ మూడూ నిలబడ్డాకే లేయర్లు, అంటే పైన పేర్చే శబ్దాలు. సైరన్, అరుపు, ట్రంపెట్ ముక్క, ఏదైనా సరే, నాలుగో బీట్ మీదో, ఊపిరి తీసుకునే చోటో. ముక్కలను గ్రిడ్‌కు (తెర మీద బీట్లు చూపే గీతలకు) 10, 20 మిల్లీసెకన్లు అటూ ఇటూ జరిపితే ప్రాణం వస్తుంది. 30 దాటితే తప్పు వాయించినట్టుంటుంది.

శాంపిల్స్ అన్నిటికీ 150 హెర్ట్జ్ కింద కోసేయండి, కింద కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), బేస్ మాత్రమే ఉండాలి. హల్లులు తెలిసేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కాబట్టి, అక్కడ శాంపిల్ బస్‌ను (శాంపిల్స్ అన్నీ కలిసి వెళ్లే ట్రాక్‌ను) 3 డెసిబెల్స్ తగ్గించండి. రెండు కిక్‌లు కలిపినప్పుడు బరువు పెరగాల్సింది పోయి పలచబడితే, ఒకదాని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి.

ఇక మాట. ఇక్కడ మనకు ఛందస్సు పనికొస్తుంది, నవ్వకండి. ఒక బార్‌లో, బీట్‌కు నాలుగు చొప్పున, పదహారు గళ్లు ఉంటాయి. లఘువుకు ఒక గడి, గురువుకు రెండు. బార్‌కు 16 మాత్రలు అనుకుని, మూడు నాలుగు ఊపిరికి వదలండి.

రేషన్ షాపు ముందు లైను,
వేలిముద్ర పడక వెనక్కి నేను.

మొదటి లైను 13 మాత్రలు, హాయిగా వస్తుంది. రెండోది సరిగ్గా 16. కాగితం మీద బాగుంటుంది, మైకు ముందు ఊపిరి ఆడదు. 'వెనక్కి' తీసేస్తే 12. గురువును ఒక్క గడిలో కుక్కితే 'పాలన' కాస్తా 'పలన' అవుతుంది, వినేవాడికి అర్థం జారిపోతుంది. తెలుగు ర్యాప్‌లో మాట తెలియడం లేదనే ఫిర్యాదులో సగం మిక్సింగ్ తప్పు కాదు, ఇదే.

ప్రాస గురించి ఒక మాట. 'మారాలి, పోవాలి, రావాలి' అని క్రియల తోకలు కలిపితే అది తెలుగులో ప్రాస కిందికి రాదు, వ్యాకరణం దానంతటదే ఇచ్చేది. పైగా ఆ తోకలతో వచ్చేవన్నీ నినాదాలే. క్యూబ్ ఆల్బమ్ నినాదంతో మొదలవదు. ఎలక్ట్రిక్ కుర్చీ వైపు నడిపిస్తున్న ఖైదీతో మొదలవుతుంది. పబ్లిక్ ఎనిమీ ర్యాపర్ చక్ డీ కూడా పాడిన పాట వార్తల బులెటిన్‌లా మొదలై, నల్లజాతి యువకులను అంతరించిపోతున్న జంతువుల జాబితాలో చేర్చినట్టు చెబుతుంది. వ్యవస్థ మీద కోపం సన్నివేశంలో నుంచే వస్తుంది. వేలిముద్ర పడని వేలు చూపిస్తే చాలు, 'వ్యవస్థ' అన్న మాటే అక్కర్లేదు.

అదే ఆల్బమ్‌లో ఆడవాళ్లను నీచంగా చూసే పాటలున్నాయి. యో-యో అనే ర్యాపర్‌ను పిలిచి ఎదురు సమాధానం చెప్పించాడు కానీ, ఒక్క పాటతో ఆ లెక్క సరిపోలేదు. అది నేర్చుకోవద్దు.

రికార్డింగ్‌కు ప్రతిధ్వని తగ్గించే ట్రీట్‌మెంట్ లేని గదిలో, చిన్న శబ్దాన్నీ పట్టే కండెన్సర్ కన్నా డైనమిక్ మైకు నయం. నోటికి 10 నుంచి 15 సెంటీమీటర్లు, కాస్త పక్కగా పెడితే 'ప, భ'లు పేలవు. ఫ్యాన్ ఆపండి, మీ వెనక దుప్పట్లు వేలాడదీయండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, గొంతు గరిష్ఠ స్థాయి (పీక్) మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర. గొంతు హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ 4:1, 4 నుంచి 6 డెసిబెల్స్ దిగేలా. లైను చివరి మాటలకే డబుల్స్ (అదే మాట రెండోసారి పలికి కలపడం) వేయండి, మెయిన్ కన్నా 8 డెసిబెల్స్ కింద. లైనంతా డబుల్ చేస్తే ద్విత్వాలు చెదిరిపోతాయి. రివర్బ్ (గది ప్రతిధ్వని) దాదాపు సున్నా.

శాంపిల్స్ హక్కుల విషయంలో జాగ్రత్త. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ శాంపిల్ కేసు తీర్పు తర్వాత అమెరికాలోనే అనుమతి లేని శాంపిల్స్‌తో అలాంటి ఆల్బమ్ చేయడం ఖరీదైపోయింది. 'అయిదారు సెకన్లయితే పర్లేదు' అనేది ఉత్త మాట. పాత సినిమా పాటకు రికార్డింగ్ హక్కు వేరు, బాణీ, సాహిత్యం హక్కులు వేరు, అన్నిటికీ అనుమతి కావాలి. మన చట్టంలో రికార్డింగ్‌కు గడువు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. దానికన్నా సొంత శబ్దాలు మేలు. డప్పు రికార్డు చేస్తే మంటకు కాచిన వెంటనే, మైకు మీటరు దూరంలో, కావాల్సిన దెబ్బలన్నీ ఒకే ఊపులో తీసుకోండి. తోలు చల్లారుతుంటే శృతి దిగుతుంది, రేపు తీసిన దెబ్బ ఇవాళ్టి దానితో కలవదు.

మిక్స్ అయ్యాక ఫోన్ స్పీకర్ మీద సన్నగా పెట్టి, పాట తెలియని మనిషికి ఒక్కసారి వినిపించి, వినబడిన మాటలు కాగితం మీద రాయమనండి. తప్పు రాసిన లైన్లకు ముందు ఈక్యూ (ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే మీట) ముట్టుకోవద్దు, మాత్రలు లెక్కపెట్టండి.