ఒక్క ఓటుతో ఎన్నిక తేలడం సినిమాల్లోనేనా?

అడిగిన ప్రశ్న ఇదీ: "'మార్టిన్ లూథర్ కింగ్' సినిమాలో చెట్టు కింద చెప్పులు కుట్టుకునే మనిషి ఒక్క ఓటుతో ఊరి ప్రెసిడెంటు ఎవరో తేల్చేస్తాడు. నిజంగా ఎక్కడైనా ఇలా జరుగుతుందా, మరీ అతిగా లేదూ?"

జరుగుతుంది. నేను గవర్నమెంటు టీచర్ని, ఎన్నికల డ్యూటీ మాకు తప్పదు. నా టేబుల్ మీదే జరిగింది.

పెద్ద ఎన్నికల్లోనూ జరిగింది. 2004లో కర్ణాటకలోని సంతేమరహళ్ళి అసెంబ్లీ ఎన్నికలో కృష్ణమూర్తి గారికి 40,751 ఓట్లు వస్తే, ధ్రువనారాయణ గారికి 40,752 వచ్చాయి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి కూడా ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ముఖ్యమంత్రి అవుతారని అందరూ అనుకున్న మనిషి ఆయన. మన అనకాపల్లిలో 1989 లోక్‌సభ ఎన్నికలో కొణతాల రామకృష్ణ గారు గెలిచింది 9 ఓట్లతో. కాబట్టి అతి అనే మాటే లేదు. ఆ ఒక్క ఓటు ఎవరిదో ఊరందరికీ తెలిసిపోతే ఏమవుతుందన్నదే అసలు సంగతి. సినిమా కథంతా దాని మీదే నడుస్తుంది, రివ్యూలు రాసినవాళ్ళలో చాలామంది దాన్ని పట్టించుకోలేదు.

2019 జనవరిలో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు. మాకు పక్క మండలంలో ఒక చిన్న ఊరు పడింది. సర్పంచ్‌కి గులాబీ బ్యాలెట్, వార్డు మెంబరుకి తెల్ల బ్యాలెట్. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పోలింగు, రెండింటికి అక్కడే లెక్కింపు. ముందు రోజు సాయంత్రమే బాక్సులు మోసుకుని వెళ్ళి, రాత్రంతా బడి నేల మీద దోమల్లో పడుకున్నాం. ఆడ టీచర్లకు తలుపు పడే బాత్‌రూమ్ కూడా లేదు. ఏళ్ళ తరబడి ప్రతి ఎన్నికకూ ఇదే తంతు. దీని గురించి మాట్లాడే నాయకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

మా వార్డులో ఓటర్లు నూట ముప్పై చిల్లర. పన్నెండున్నర దాటాక ఒక పెద్దాయన వచ్చాడు. హైదరాబాద్‌లో ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి, పొద్దున బస్సెక్కి ఓటు కోసమే వచ్చాడు. సిరా పెడదామని చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ కొసలన్నీ కాలి కాలి నల్లగా గట్టిపడిపోయి ఉన్నాయి, సిరా గీత కనబడడానికి రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. ఆయన వంగి మెల్లగా అడిగాడు.

"సార్, నేను ఎవరికి ఏసిన్నో తర్వాత ఎరికైతదా?"

"కాదు పెద్దాయనా, ఎవ్వరికీ ఎరిక కాదు" అన్నాను.

బ్యాలెట్‌ని మేమే ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి, మళ్ళీ విప్పి ఇస్తాం. అలాగే మడిస్తే సిరా పక్క గుర్తుకి అంటదు. ఓటరు కంగారులో ఎటో మడిచేస్తే మాత్రం తడి సిరా ఇంకో గుర్తు మీద అచ్చు పడుతుంది.

లెక్కింపులో సరిగ్గా అదే వచ్చింది. వార్డు మెంబరు పోటీ గౌను గుర్తుకీ గ్యాస్ పొయ్యి గుర్తుకీ. ఇద్దరికీ సమానంగా వచ్చి, చివరికి ఒక్క తెల్ల బ్యాలెట్ మిగిలింది. దాని మీద రెండు ముద్రలు. గౌను మీద ముదురుగా ఒకటి, పొయ్యి మీద లేతగా ఒకటి. "చెల్లదు, చెల్లదు" అని ఒక ఏజెంటు, "చెల్లుతది" అని ఇంకొకాయన. ఇద్దరూ బెంచీ మీద కొట్టుకునేదాకా వచ్చారు.

మా ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసర్) సారు తొందరపడలేదు. కాగితాన్ని దీపం దగ్గర పట్టుకుని, మడత గీత మీద మళ్ళీ మడిచారు. లేత ముద్ర వచ్చి ముదురు ముద్ర మీద అచ్చంగా కూర్చుంది. తర్వాత విప్పి ఏజెంట్లిద్దరికీ చూపించారు. ఓటు ముద్రలో స్వస్తిక్ ఉంటుంది కదా, లేత ముద్రలో దాని కొమ్ములు ఎదురు తిరిగి ఉన్నాయి. అంటే అది వేసిన ముద్ర కాదు, అంటుకున్నది. ఓటు చెల్లింది. గౌను గుర్తు ఒక్క ఓటుతో గెలిచింది. ఆ స్వస్తిక్ ముద్ర అందుకే పెట్టారని డ్యూటీ చేసిన టీచర్లలోనే సగం మందికి తెలియదు. ట్రైనింగులో రెండు గంటలు స్లైడ్లు తిప్పుతారు, చెప్పాల్సిన ఈ ముక్క చెప్పరు.

అక్కడితో అయిపోలేదు. అదే సాయంత్రం వార్డు మెంబర్లు చేతులెత్తి ఉప సర్పంచ్‌ని ఎన్నుకున్నారు. రెండు పక్షాలూ సమఉజ్జీలు కావడంతో ఈ మెంబరు చెయ్యి ఎటు లేస్తే అటు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ కూడా సంతకం పెట్టాలి. అంటే ఆ ఒక్క తెల్ల కాగితం ఆ ఊరి చెక్కుబుక్కు దాకా వెళ్ళింది. ఎవరైనా "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ముఖ్యంగా హైదరాబాద్‌లో సెలవిచ్చినా బూతు దాకా రాని చదువుకున్నవాళ్ళను చూస్తే.

మిగతాది ఆ ఊరి బడిలో పనిచేసే స్నేహితుడు నాకు తర్వాత చెప్పాడు. ఓడిన పక్షం వాళ్ళు కూర్చుని ఓటర్ల లిస్టు ముందేసుకున్నారట. ఈ ఇల్లు మనది, ఆ ఇల్లు వాళ్ళది అని టిక్కులు పెట్టుకుంటూ పోతే, ఏ లెక్కలోకీ రాకుండా మిగిలింది ఇస్త్రీ పెద్దాయన ఒక్కడే. ఆ మడత బ్యాలెట్ ఆయనదని రుజువేమీ లేదు. నూట ముప్పై మందిలో ఎవరిదైనా కావచ్చు. అయినా ఆయన తమ్ముడి కుటుంబం ఊళ్ళోనే బట్టలు ఉతుకుతుంది. ఓడిన పక్షం ఇళ్ళవాళ్ళు వాళ్ళకి బట్టలు వేయడం మానేశారు. గుడి ముందు నిలబెట్టి ఒట్టు వేయమన్నారు. పండక్కి గింజలు కూడా పెట్టలేదట.

ఎవ్వరికీ ఎరిక కాదని నేను చెప్పిన మాట చట్టప్రకారం నూటికి నూరుపాళ్ళు నిజం. ఊరు ఆ నిజాన్ని నిలబడనివ్వలేదు.

ఆ సినిమా నన్ను కదిలించింది అందుకే. 2021లో తమిళంలో వచ్చిన 'మండేలా'ని 2023లో పూజ కొల్లూరు తెలుగులో తీశారు. తమిళంలో మంగలి, మన దగ్గర చెప్పులు కుట్టే మనిషి. సంపూర్ణేష్ బాబు ఇంత నిబ్బరంగా నటించగలడని చాలామంది ఊహించలేదు. పోస్టాఫీసు అమ్మాయి పేరు పెట్టేదాకా ఆ మనిషికి కార్డు లేదు, పేరు లేదు. ఓటు వచ్చిన మర్నాటి నుంచి పోటీలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములూ వచ్చి మంచి చేస్తారు, మాట వినకపోతే చెడూ చేస్తారు. మనం నవ్వుకుంటూ చూసే ఆ మర్యాదలన్నీ అతని ఓటు రహస్యంగా లేకపోవడం వల్ల వచ్చినవే. "రీమేకే కదా, ఎందుకు" అన్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, మన ఊళ్ళలో ఒకసారి పోలింగు డ్యూటీ చేసి చూడండి.

పంచాయతీ సంగతి వదిలేసినా, అసెంబ్లీ ఎన్నికల్లో ఫారం 20 తీస్తే ఏ బూతులో ఎవరికెన్ని పడ్డాయో అంకెలతో సహా ఉంటుంది. ఏ వాడ మనకు వేయలేదో నాయకుడికి ఆ కాగితమే చెబుతుంది. తర్వాత ఆ వాడకే రోడ్డు రాదు. బ్యాలెట్ల కాలంలో, బెదిరింపుల భయం ఉన్న చోట కాగితాలన్నీ కలిపేసి లెక్కపెట్టే వీలు నియమాల్లో ఉండేది. ఈవీఎంలు వచ్చాక అది పోయింది. పద్నాలుగు బూతుల ఓట్లను ఒకేసారి కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం తెద్దామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సరేనంది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. బూతు లెక్క తెలిస్తే ఎక్కడ బాగా పనిచేయాలో పార్టీలకు తెలుస్తుందట! ఇస్త్రీ పెద్దాయన తమ్ముడి ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పమనండి.

నా లెక్కలో పంచాయతీ వార్డు మూడు వందల ఓటర్లకు తగ్గకూడదు. చిన్న ఊరైతే రెండు మూడు వార్డులు కలిపి ఒకే బాక్సు పెట్టి, అందులోంచే ఇద్దరు ముగ్గురు మెంబర్లను ఎన్నుకోవచ్చు. చట్టం మార్చాల్సి వస్తుంది, మార్చమనే అంటున్నాను. అసెంబ్లీకి టోటలైజర్ కావాలి. ఈసారి ఓటు అడగడానికి మీ గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఈ రెండూ అడగండి.