మీరు చూసింది కటిల్‌ఫిష్ కాదండీ, బిగ్‌ఫిన్ రీఫ్ స్క్విడ్

అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తుంటే, ఒంటి చుట్టూ రెక్క ఉన్నవి ఏడెనిమిది వరుసగా నీళ్ల మధ్య ఆగి మిమ్మల్నే చూశాయన్నారు, అవి కటిల్‌ఫిష్‌లా, కరీబియన్ రీఫ్ స్క్విడ్‌లా (రెండూ ఆక్టోపస్‌కి చుట్టాలైన సముద్ర జీవులే) అని అడిగారు కదా. రెండూ కాదు. కరీబియన్ రకం ఫ్లోరిడా, కరీబియన్ వైపే ఉంటుంది, మన సముద్రంలో దొరకదు. ఇక్కడ ఉండేది బిగ్‌ఫిన్ రకం, ఎర్ర సముద్రం నుంచి జపాన్ దాకా కనిపిస్తుంది.

ఆ పొడవాటి రెక్క చూసే చాలామంది కటిల్‌ఫిష్ అని పొరబడతారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కటిల్‌ఫిష్ ఎక్కువగా ఒంటరిగా, అడుగుకు దగ్గరగా తిరుగుతుంది, లోపల సుద్దలాంటి గట్టి పెంకు ఉంటుంది. స్క్విడ్‌కి మాత్రం పల్చటి ప్లాస్టిక్ ముక్కలాంటిదే. గుంపుగా, నీళ్ల మధ్యలో ఉన్నాయంటే స్క్విడ్ అని దాదాపు ఖాయం.

ఈసారి వెళ్తే రాళ్ల కింద, సముద్రపు గడ్డిలో, మునిగిన కొమ్మల మీద తెల్లటి వేళ్లలాంటి గుడ్ల గుత్తులు ఉన్నాయేమో చూడండి, ముట్టుకోకండి. రాత్రిపూట జెట్టీ దీపాల కిందకి కూడా వేటకి వస్తాయి, టార్చ్ మాత్రం సూటిగా కళ్లలోకి కొట్టొద్దు, ప్లీజ్. మహా అయితే ఏడాది బతికే ప్రాణులు అవి.