ఫ్రిజ్‌లో పెట్టిన పుప్పొడికి బూజెందుకు పట్టింది?

ప్రశ్న: మా డాబా మీద ఎర్ర గులాబీ డిసెంబరులో విరగబూసి ఆగిపోతుంది, పసుపుది మొగ్గ తొడిగేసరికి జనవరి దాటుతుంది. రెండూ కలిపితే ఏ రంగు వస్తుందో చూడాలని ఎర్రదాని పుప్పొడి దులిపి ప్లాస్టిక్ కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. కొన్నాళ్లకి చూస్తే ముద్దకట్టి బూజు పట్టింది. ఎలా దాచాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టడం సరైన పనే అండీ, ఆరబెట్టకుండా పెట్టడంతోనే వచ్చింది చిక్కు. పైగా ప్లాస్టిక్ కవరు, లోపలి చెమ్మ ఎటూ పోలేదు, ఇక బూజుకి అడ్డేముంది! ఇంకో సంగతి, పూర్తిగా విచ్చుకున్న పువ్వు నుంచి దులపకండి, అప్పటికే తేనెటీగలు వచ్చి సగం ఊడ్చుకుపోయి ఉంటాయి, వేరే మొక్కలది కూడా అంటించి పోతాయి. విచ్చుకోబోతున్న మొగ్గని పొద్దున్నే కోసి, రేకులు తీసేసి, కేసరాల చివర ఉండే పసుపు తిత్తుల్ని చిన్న కత్తెరతో తెల్లకాగితం మీదికి కత్తిరించండి. నీడలో, ఫ్యాను గాలి తగలని చోట ఉంచితే మర్నాటికల్లా అవి పగిలి పొడి రాలుతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు, చచ్చిపోతుంది. మీది గోదావరి గాలి కాబట్టి చెమ్మ ఎక్కువ, ఆ కాగితాన్ని సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో ఉంచి మూత పెడితే ఇంకా మంచిది. కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయే, అవే పొట్లాలు, కాకపోతే పాతబడి చెమ్మ పీల్చేసినవి పనికిరావు.

ఆరిన పొడిని బటర్ పేపరులో చిన్న చిన్న పొట్లాలు కట్టి, మొక్క పేరు, తేదీ రాసి, బిగుతు మూత ఉన్న గాజు సీసాలో సిలికా జెల్‌తో పాటు వేయండి. నెల లోపు వాడేదైతే ఫ్రిజ్ చాలు, వచ్చే సీజన్ దాకా ఉండాలంటే ఫ్రీజర్‌లో పెట్టాలి. బయటికి తీశాక తొందరపడి మూత తీయకండి, సీసా మామూలు వేడికి వచ్చేదాకా ఓ అరగంట ఆగండి, లేకపోతే గాలిలోని చెమ్మంతా చల్లటి పొడి మీద నీరై కూర్చుంటుంది. చాలామంది పుప్పొడి పోయేది ఇక్కడే.

పసుపు పువ్వు సగం విచ్చుకున్నప్పుడే దాని రేకులు, కేసరాలు తీసేసి కాగితపు సంచి తొడగండి. మర్నాడు కీలాగ్రం, అంటే పువ్వు మధ్యలో పుప్పొడి అంటుకునే కొన, జిగురుగా ఉంటే కుంచెతో పొడి అద్ది మళ్లీ తొడగండి. కాయ పచ్చగా ఉబ్బితే పట్టినట్టే. పండడానికి నాలుగు నెలలు పడుతుంది కాబట్టి మే ఎండలకి కుండీని నీడకి జరపాల్సి వస్తుంది. గింజగింజకీ రంగు వేరుగా రావచ్చు, నారింజ రంగే కావాలని పట్టుబట్టకండి. అన్నట్టు, మరీ ముద్దగా పూసే రకాల్లో కేసరాలే రేకులుగా మారిపోయి ఉంటాయి, పుప్పొడి చాలా తక్కువ దొరుకుతుంది.

గోధుమ శాస్త్రవేత్త బి.పి. పాల్ గారు ఇలా గులాబీలు కూడా కలిపి కొత్త రకాలు తీశారు. గోధుమ పుప్పొడి మామూలు గాలిలో అరగంట నిలవడమే కష్టం, గులాబీది సరిగ్గా ఆరితే నెలల తరబడి ఉంటుంది. ఆయనకి గులాబీలు హాయిగా అనిపించి ఉంటాయి!

ప్రశ్న: గుమ్మడిలో ఆడపువ్వు పూసిన రోజున మగపువ్వు ఉండట్లేదు. ఆ పుప్పొడి కూడా దాచొచ్చా?

జవాబు: ఎక్కువ రోజులు కుదరదు. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, పూసిన రోజు దాటితే పెద్దగా పనిచేయదు. రేపు విచ్చుకునే మగమొగ్గని సాయంత్రం కోసి, నీళ్లున్న గ్లాసులో నిలబెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు వెనక్కి జరపొచ్చు, అంతే. దానికన్నా వారం తేడాతో రెండో పాదు వేసుకోవడం సులువు.

ప్రశ్న: టమాటా పుప్పొడి వంకాయకి రాస్తే?

జవాబు: మామూలుగా వంకాయే కాస్తుంది, అదీ దాని సొంత పుప్పొడితో.