ముట్లాగాక మరక కనిపిస్తే పాప్ స్మియర్ చాలదు

అమ్మగారికి 58 ఏళ్లు, ముట్లాగి ఏడేళ్లు, ఈమధ్య రెండుసార్లు మరక పడింది, పాప్ స్మియర్ నార్మల్, స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 9 మి.మీ. అని రాశారు. క్యాన్సరైతే ఎన్నాళ్లు బతుకుతారు, కూతురిగా మీరు ముందే టెస్టులు చేయించుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు ఆ పాప్ స్మియర్‌ను పక్కన పెట్టండి. అది గర్భసంచి ముఖద్వారానికి చేసే పరీక్ష, లోపలి పొర సంగతి తేల్చదు. ముట్లాగాక బ్లీడింగైన నూరుమందిలో క్యాన్సర్ బయటపడేది పదిమందికి లోపే. మిగతావాళ్లలో ఎక్కువగా పొర ఎండిపోవడమో, పాలిప్పో (పొరమీద పెరిగే చిన్న కండ) ఉంటుంది. అయితే ఈ లోపలి పొర క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 90 మందికి మొదట కనిపించేదీ ఈ మరకే. పొర 4 మి.మీ. లోపుంటే, మరక మళ్లీ రాకపోతే, దాదాపు నిశ్చింత. 9 అంటే మాత్రం ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, తప్పదు. దానికి ముందే రక్తం కట్టే మాత్రలతో సరిపెట్టుకోకండి. మరక ఆగుతుంది, లోపల ఏముందో తెలియదు.

బయాప్సీ ఓపీలోనే అయిపోతుంది. 3 మి.మీ. మందం ప్లాస్టిక్ గొట్టం లోపలికి పంపి, మధ్యలోని పుల్ల వెనక్కి లాగితే పొర ముక్కలు గొట్టంలోకి వస్తాయి. కొద్ది నిమిషాలు ముట్టునొప్పిలా పోటు ఉంటుంది. రిపోర్టులో శాంపిల్ చాలలేదని వస్తే దాన్ని నార్మల్ అనుకోవద్దు. పాలిప్ మూలన దాగిన క్యాన్సర్ ఈ గొట్టానికి చిక్కకపోవచ్చు కూడా. అలాంటప్పుడు హిస్టరోస్కోపీతో, అంటే సన్నటి కెమెరా గొట్టం గర్భసంచిలోకి పంపి, కళ్లారా చూసి ముక్క తీయాలి.

ఇక ఆయుష్షు. అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లో జబ్బు గర్భసంచి దాటకపోతే అయిదేళ్లు దాటేవాళ్లు నూటికి 95 మంది దాకా, చుట్టుపక్కలకు, లింఫ్ గ్రంథులకు పాకితే 70, ఊపిరితిత్తుల వంటి దూరపు చోట్లకు చేరితే 20 లోపు. గర్భసంచి తీసే ఆపరేషన్ అయ్యాక స్టేజీతో ఆగకుండా, తీసిన గడ్డ మీద పి53 (కణాల పెరుగుదలను అదుపుచేసే ప్రొటీన్), ఎంఎంఆర్ (డీఎన్ఏ తప్పులు సరిదిద్దే ప్రొటీన్లు) పరీక్షలు చేశారా అని అడగండి. పి53 తేడాగా ఉంటే చిన్న స్టేజీలోనూ జబ్బు మొండిది, చికిత్స గట్టిగా ఉండాలి. అదే గడ్డలో పోల్ (POLE) అనే జన్యువులో మార్పు ఉంటే, గ్రేడ్ 3 (కణాలు బాగా చెడిన రకం) అని రాసి ఉన్నా, ఫలితం చాలా బాగుంటుంది.

మీ విషయానికొస్తే, ఏ లక్షణమూ లేని ఆడవాళ్లకు ఏటా స్కాన్ చేస్తే ఆయుష్షు పెరుగుతుందనే రుజువు లేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి అమ్మితే నా లెక్కన డబ్బు దండగ. లించ్ సిండ్రోమ్ (ఎంఎంఆర్ జన్యువుల లోపం వంశంలో వచ్చి గర్భసంచి, పెద్దపేగు క్యాన్సర్ల ముప్పు పెంచే స్థితి) ఉన్న కుటుంబాల సంగతి వేరు. వాళ్లకు 30–35 ఏళ్ల నుంచి ఏడాదికో రెండేళ్లకో బయాప్సీ, పిల్లలు చాలనుకున్నాక గర్భసంచి, అండాశయాలు తీయించడం గురించి మాట్లాడతారు. అమ్మగారికి క్యాన్సరే తేలి, ఎంఎంఆర్ పరీక్షలో ఎంఎస్‌హెచ్2 లేదా ఎంఎస్‌హెచ్6 ప్రొటీన్ గడ్డలో లేనట్టు వస్తే మీకూ జన్యు పరీక్ష అడగండి. ఎంఎల్‌హెచ్1 ప్రొటీన్ లేకపోతే చాలాసార్లు అది వంశపారంపర్యం కాదు, ఆ జన్యువు గడ్డలో మూతపడిందా అని చూసే మిథైలేషన్ టెస్టు చేసి తేలుస్తారు.

హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా వంటి క్యాన్సర్ ఆస్పత్రులకు వెళ్లాల్సొస్తే రిపోర్టు జిరాక్సొక్కటే కాదు, బయాప్సీ స్లైడ్లు, ముక్కను దాచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లండి.