డబ్ల్యూ-2లో లేని ఫెలోషిప్ డబ్బును రిటర్న్‌లో చూపించాలా?

చూపించాలండి. డబ్ల్యూ-2లో (అమెరికాలో యజమాని ఇచ్చే జీతం, పన్ను కోతల కాగితంలో) లేకపోయినా, ఇంతవరకు ఏ కాగితమూ చేతికి రాకపోయినా, అద్దెకీ తిండికీ వాడుకున్న ఫెలోషిప్ డబ్బంతా రిటర్న్‌లో చూపించాలి. అలాగని ఇవాళే కూర్చుని ఫైల్ చేసేయకండి. ఆ తొందరతోనే నేను ఇబ్బంది పడ్డాను.

మీరు రాసింది ఇదీ: అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద పీహెచ్‌డీ మూడో ఏడు. 2025 మే వరకు టీఏ (టీచింగ్ అసిస్టెంట్), జూలై నుంచి ఫెలోషిప్. డబ్ల్యూ-2లో టీఏ జీతం ఒక్కటే ఉంది. ఫెలోషిప్ సంగతి అడిగితే పేరోల్ వాళ్లు అది జీతం కాదన్నారు. రూమ్మేట్లేమో స్కాలర్‌షిప్‌కు పన్నే లేదంటున్నారు. చూపిస్తే వీసాకు ఏమవుతుందోనని మీకు టెన్షన్. నేను సరిగ్గా ఇదే పరిస్థితిలో ఉన్నాను నిరుడు. 2022 ఆగస్టులో వచ్చాను. 2024 మే వరకు టీఏ చేశాను, జూలై నుంచి డిసెంబరు దాకా ఫెలోషిప్ వచ్చింది.

నిరుడు ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి మా ఇంట్లో నలుగురం వంటింటి బల్ల చుట్టూ లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్నాం. మిగతా ముగ్గురూ ఎమ్మెస్ వాళ్లు, క్యాంపస్‌లో చిన్న ఉద్యోగాలు. వాళ్ల దగ్గర డబ్ల్యూ-2 తప్ప ఇంకేమీ లేదు కాబట్టి కుక్కర్ దించేలోపే వాళ్ల పని అయిపోయింది. నేనూ అదే ఊపులో నా డబ్ల్యూ-2 అంకెలు కొట్టేసి పంపేశాను. టీఏ జీతం 12,000 డాలర్లు, అందులో పట్టుకున్న పన్ను 900. ఆ 900 కొన్ని వారాల్లో వెనక్కి వచ్చింది. సంతోషించాను కూడా.

మార్చి రెండో వారంలో ఒక మెయిల్ వచ్చింది, మీ 1042-ఎస్ (విదేశీయులకు ఇచ్చిన ఫెలోషిప్ లాంటి డబ్బూ, అందులో పట్టుకున్న పన్నూ చూపే కాగితం) సిద్ధంగా ఉంది, ఫలానా పోర్టల్‌లో చూసుకోండి అని. పంపింది యూనివర్సిటీ కాదు, బయటి కంపెనీ. ఎవరో మోసగాళ్లనుకుని రెండు రోజులు ముట్టుకోలేదు. చివరికి ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కుంటే నిజమైనదేనన్నారు. తెరిచి చూస్తే మొదటి బాక్స్‌లో 16, రెండో బాక్స్‌లో 18,000, 3బిలో 14.00, 7ఎలో 2,520. గుండె జారిపోయింది. అంత ఆదాయం నా రిటర్న్‌లో లేదు.

ఆ నాలుగు అంకెల అర్థం ఇదీ. 16 అంటే స్కాలర్‌షిప్ లేదా ఫెలోషిప్ ఆదాయం. 18,000 ఆరు నెలల స్టైపెండ్. ఎఫ్, జె వీసాల మీద ఉన్న నాన్ రెసిడెంట్లకు (పన్ను లెక్కలో అమెరికా నివాసులు కానివాళ్లకు) ఇచ్చే ఫెలోషిప్‌లో పన్ను పడే భాగం నుంచి యూనివర్సిటీ మామూలుగా 14 శాతం ముందే పట్టుకుని ప్రభుత్వానికి కడుతుంది. నా విషయంలో అది 2,520 డాలర్లు. అప్పుడు వెలిగింది నాకు. ఫెలోషిప్ లెటర్‌లో నెలకు 3,000 అని ఉంటే ఖాతాలో 2,580 పడుతోంది. ఏదో ఫీజు కోసుకుంటున్నారులే అనుకుని ఆరు నెలలు అడగనే లేదు. మీరూ ముందు బ్యాంకు స్టేట్‌మెంటూ ఫెలోషిప్ లెటరూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సరిగ్గా 14 శాతం తేడా ఉందంటే మీ పేరు మీద 1042-ఎస్ వస్తున్నట్టే. డబ్ల్యూ-2 జనవరి నెలాఖరుకు వచ్చేస్తుంది కానీ 1042-ఎస్ ఇవ్వడానికి వాళ్లకు మార్చి మధ్య దాకా గడువుంది. మీకింకా రాకపోవడానికి కారణం అదే. మీకు జీతం కూడా ఉంది కాబట్టి రిటర్న్ గడువు ఏప్రిల్ 15. అంటే కాగితం వచ్చాక కూడా దాదాపు నెల రోజులు చేతిలో ఉంటాయి. (జీతమే లేకుండా ఒక్క ఫెలోషిప్ మాత్రమే ఉన్నవాళ్లకు గడువు జూన్ 15.)

నేనేమో చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు 1040-ఎక్స్ అనే సవరణ ఫారం తీసి, సరిచేసిన 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్లు వేసే రిటర్న్ ఫారం) దానికి జతచేసి మళ్లీ పంపాల్సి వచ్చింది. లెక్క వేసేదాకా ఎంత కట్టాల్సి వస్తుందోనని నిద్ర పట్టలేదు. తీరా వేస్తే ఇలా తేలింది. జీతం 12,000, ఫెలోషిప్ 18,000, కలిపి 30,000. అందులోంచి 2024కి స్టాండర్డ్ డిడక్షన్ 14,600 తీసేస్తే 15,400. దానిమీద పన్ను 1,619. నా దగ్గర అప్పటికే పట్టుకున్నది 900, 2,520 కలిపి 3,420. అంటే నాకు రావలసింది 1,801. మొదటిసారి వచ్చింది 900 మాత్రమే. ఫెలోషిప్ చూపించకపోవడం వల్ల తప్పు రిటర్న్ వేయడమే కాదు, నాకు రావలసిన 901 డాలర్లు కూడా వదిలేసుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదు అంటారు కదా, 1042-ఎస్‌లో పట్టుకున్న పన్ను అంతే. రిటర్న్‌లో రాస్తేనే వెనక్కి వస్తుంది.

అందరికీ ఇలాగే రీఫండ్ వస్తుందని చెప్పడం లేదు. స్టైపెండ్ పెద్దదయ్యేకొద్దీ, పట్టుకున్నది తక్కువయ్యేకొద్దీ ఎదురు కట్టాల్సి రావచ్చు. మీ అంకెలతో మీరే వేసుకోండి. 2025కి ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 15,750.

ఈ డిడక్షన్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు చాలామందికి ఇది తెలియదు. మామూలుగా నాన్ రెసిడెంట్‌కు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. భారత్ నుంచి వచ్చిన విద్యార్థులకు మాత్రం ఉంది. భారత్, అమెరికాల మధ్య 1989లో జరిగిన పన్ను ఒప్పందంలో 21వ ఆర్టికల్ రెండో పేరా దీన్ని ఇస్తుంది. 1040-ఎన్ఆర్‌లో ఆ వరుస దగ్గర ఇండియా పేరు అచ్చయి ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక రెండుసార్లు చదివాను. అయితే మనకు ఉన్నది డిడక్షన్ ఒక్కటే, ఫెలోషిప్ మొత్తానికి మినహాయింపు కాదు. మా ల్యాబ్‌లో చైనా నుంచి వచ్చిన మిత్రుడికి ఫెలోషిప్ మీద పన్నే పడదు, వాళ్ల ఒప్పందంలో 20వ ఆర్టికల్ అలా ఉంది. అతన్ని చూసి నేను కూడా అలాగే రాస్తే తప్పయ్యేది. పక్కవాడి రిటర్న్ చూసి రాయొద్దనేది ఇందుకే.

ఇక మీ రూమ్మేట్లు చెప్పింది సగమే నిజం. డిగ్రీ చేస్తున్నవాళ్లకు ట్యూషన్‌కు, తప్పనిసరి ఫీజులకు, కోర్సుకు కచ్చితంగా కావాలన్న పుస్తకాలకు, సామగ్రికి వెళ్లిన స్కాలర్‌షిప్ డబ్బు మీద పన్ను లేదు. పన్ను చట్టంలో 117వ సెక్షన్ ఇదే చెబుతుంది. మీ ట్యూషన్ మాఫీ అందులోకి వస్తుంది కాబట్టి దాని గురించి బెంగ పెట్టుకోకండి. అద్దె, భోజనం, విమాన టికెట్లకు అయినదంతా పన్ను పడే ఆదాయమే. చెక్కు మీద స్కాలర్‌షిప్ అని రాసి ఉన్నా, ఫెలోషిప్ అని రాసి ఉన్నా తేడా లేదు. డబ్బు దేనికి వెళ్లిందన్నదే లెక్క. కోర్సుకు కావాలని సిలబస్‌లో రాసిన పుస్తకం కొంటే ఆ బిల్లు దాచుకోండి, అంత మేరకు పన్ను పడే భాగం తగ్గుతుంది.

ఎక్కడ రాయాలంటే, జీతం వరుసలో కాదు. 1040-ఎన్ఆర్‌కు జతచేసే షెడ్యూల్ 1లో 8ఆర్ అనే వరుస ఉంది, డబ్ల్యూ-2లో రాని స్కాలర్‌షిప్, ఫెలోషిప్‌ల కోసమే పెట్టింది. అక్కడ రాస్తే ప్రధాన ఫారంలోకి వెళ్తుంది. 1042-ఎస్‌లో పట్టుకున్న పన్నుకు 1040-ఎన్ఆర్‌లో విడిగా వరుస ఉంది, డబ్ల్యూ-2 పన్నుతో కలిపి రాయకండి. ఫారం 8843 (విద్యార్థిగా ఇక్కడున్న రోజులు రెసిడెంట్ లెక్కలోకి రావని చూపేది) కూడా జతచేయాలి. ఆదాయం లేని ఏడాది కూడా దాన్ని పంపాలి.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఒక్క మాట. టీవీల్లో ప్రకటనలు వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలావరకు రెసిడెంట్లు వేసే 1040నే తయారుచేస్తాయి. అందులో చేస్తే 1098-టి (యూనివర్సిటీ ఇచ్చే ట్యూషన్ వివరాల కాగితం) అడిగి ఎడ్యుకేషన్ క్రెడిట్ కింద వెయ్యి డాలర్లు చూపిస్తుంది. ఆశగా ఉంటుంది, కానీ నాన్ రెసిడెంట్ విద్యార్థులకు మామూలుగా అది చెల్లదు, తర్వాత వెనక్కి కట్టాలి. స్ప్రింటాక్స్, గ్లేసియర్ లాంటివి మనలాంటివాళ్ల కోసమే ఉన్నాయి. చాలా యూనివర్సిటీలు కోడ్ ఇస్తాయి, ఇంటర్నేషనల్ ఆఫీసును అడగండి. స్టేట్ రిటర్న్ వేరే సంగతి. టెక్సస్, ఫ్లోరిడాల్లో ఆదాయపు పన్నే లేదు. కాలిఫోర్నియా ఈ ఒప్పందాలను లెక్కలోకి తీసుకోదు. మీ రాష్ట్రం సూచనలు చదువుకోండి.

వీసా గురించి భయం వద్దు. ఫెలోషిప్ మీకు యూనివర్సిటీ న్యాయంగా ఇచ్చిన డబ్బు, దాన్ని చూపిస్తే ఎఫ్-1కు ఏ ఇబ్బందీ లేదు. పైగా 1042-ఎస్ కాపీ ఒకటి ఎలాగూ ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) వెళ్తుంది. మీరు రాయకపోతేనే వాళ్ల లెక్కకూ మీ లెక్కకూ పొంతన కుదరదు.

ఇప్పుడు కాదు గానీ ముందు ముందు మీకు పనికొచ్చే విషయం ఇంకోటి. మా ల్యాబ్‌లో ఒక అక్క 2018లో వచ్చింది. విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్ రెసిడెంట్ లెక్క. ఆగస్టులో దిగినా ఆ ఏడాది మొత్తం ఒక సంవత్సరం కిందే పోతుంది. అంటే తనకు 2022తో అయిపోయింది. 2023లో రెసిడెంట్ అయ్యేసరికి యూనివర్సిటీ ఆ 14 శాతం పట్టుకోవడం ఆపేసింది, 1042-ఎస్ ఆగిపోయింది, డబ్ల్యూ-2 ఎలాగూ లేదు. నెల నెలా పూర్తి డబ్బు పడుతుంటే స్టైపెండ్ పెంచారనుకుని కొంత ఇంటికి పంపేసింది. ఏప్రిల్ వచ్చేసరికి ఏడాది పన్నంతా ఒకేసారి కట్టమంది లెక్క, మూడు నెలలకోసారి కట్టనందుకు పైన కొంత పెనాల్టీ. ఆ రోజు ల్యాబ్‌లో తను కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. మీరు కూడా వచ్చిన సంవత్సరం నుంచి ఐదు లెక్కబెట్టుకుని ఆరో ఏడు ఎప్పుడో ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ ఏడాది ఫెలోషిప్ మీద ఉంటే ప్రతి నెలా కొంత పక్కన పెట్టి, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల 15వ తేదీలకు ఐఆర్ఎస్ డైరెక్ట్ పేలో కట్టేయొచ్చు.

మార్చి మూడో వారం దాటినా 1042-ఎస్ రాకపోతే పేరోల్‌ను కాదు, నాన్ రెసిడెంట్ పన్నులు చూసేవాళ్లెవరో కనుక్కుని వాళ్లకు మెయిల్ పెట్టండి. జంక్ ఫోల్డర్ కూడా ఒకసారి చూడండి. డబ్ల్యూ-2లో 4, 6 బాక్సులు ఖాళీగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. మీరు ఇంకా నాన్ రెసిడెంట్ కాబట్టి అక్కడ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండకూడదు. ఉంటే యూనివర్సిటీనే వెనక్కి ఇమ్మని అడగాలి.

కాగితం వచ్చాక మొదటి బాక్స్‌లో 16 కాకుండా వేరే అంకె ఉంటే ఫైల్ చేయకుండా ఇక్కడ రాయండి, పేర్లూ నంబర్లూ లేకుండా. నేను చూసి చెబుతాను.